రైజెన్ 5 5600కి ఎంథూజియాస్ట్ బోర్డు అవసరమా? మన బల్లార్షా ఎండల్లో ఓవర్‌క్లాకింగ్ సంగతి

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ ప్రశ్న క్లుప్తంగా రాసేస్తున్నా. ఉండేది చంద్రపూర్ జిల్లా రాజురాలో. మెషిన్‌లో రైజెన్ 5 5600, వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి వోల్టేజీ దించి ఇచ్చే సర్క్యూట్) మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మె) కూడా లేని చవక బి450 మదర్‌బోర్డు, డీడీఆర్4 3200 ర్యామ్ 8 జీబీవి రెండు, ఆర్‌ఎక్స్ 6600 కార్డు, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలర్, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). ఎవరో నీతో "ఎక్స్570 ఎంథూజియాస్ట్ బోర్డు వేసుకో, 5 గిగాహెర్ట్జ్ కొట్టొచ్చు" అన్నారు, అంటే ఓవర్‌క్లాకింగ్ (చిప్పుని కంపెనీ పెట్టిన వేగం కంటే పైన నడపడం) కోసం చేసిన ఖరీదైన బోర్డు కొనమని. చేతిలో 25,000 ఉన్నాయి. కొనాలా వద్దా, కొంటే ఏది కొనాలి అని అడిగావు.

నా మాట అయితే కొనొద్దు. ఊరికే వద్దని వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత నీకు మళ్ళీ ఇదే దురద పుడుతుంది, కాబట్టి కారణాలు కాస్త వివరంగానే రాస్తాను. ఓపిక ఉంటేనే చదువు.

మొదటి సంగతి, నీ బి450 బోర్డు నిన్ను ఎక్కడా ఆపడం లేదు. ఇంటెల్‌లో అయితే ప్రాసెసర్ పేరు చివర కె అక్షరం ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్‌ది అయ్యుండాలి, లేకపోతే మల్టిప్లయర్ (చిప్పు వేగం పెట్టే గుణకం) మీద చెయ్యి వెయ్యనివ్వరు (బి660లో, బి760లో ర్యామ్ వరకు ఆడుకోవచ్చు). ఏఎండీ వాళ్ళు ఆ గేటు పెట్టింది ఏ320, ఏ520 లాంటి అడుగు రకం చిప్‌సెట్లకే (చిప్‌సెట్ అంటే బోర్డు మీది ప్రధాన చిప్పు). బి450, బి550, ఎక్స్570 మూడింట్లోనూ ఓవర్‌క్లాకింగ్ ఉంది, నీ 5600 కూడా అన్‌లాక్ అయిన చిప్పే. బయాస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) పాతదైతే కొత్తది ఎక్కించు, ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ (పీబీఓ) అనే మెనూ, దాని లోపల కర్వ్ ఆప్టిమైజర్ దాదాపు ఖాయంగా కనిపిస్తాయి. అంటే బోర్డు మార్చాక నువ్వు చేద్దామనుకుంటున్న పనిలో చాలా భాగం ఈ రాత్రే, పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు.

ఇక 5 గిగాహెర్ట్జ్. నీ 5600 ఫ్యాక్టరీ బూస్ట్ (చిప్పు తనంతట తానే అందుకునే గరిష్ఠ వేగం) 4.4. ఆ తరం చిప్పులు గాలితో చల్లబడే కూలర్ మీద, రోజూ వాడుకోదగ్గ వోల్టేజీలో, అన్ని కోర్లూ కలిపి 4.6, 4.7 దగ్గరే చాలావరకు ఆగిపోతాయి. అక్కడ ఆపేది బోర్డు కాదు, సిలికాన్. యాభై వేల బోర్డులో పెట్టినా అదే చిప్పు, అదే గోడ. 1998లో సెలెరాన్ 300ఏ ఉండేది, దాని బస్సు వేగం 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450 మీద నడిచేది, సగానికి సగం వేగం ఉచితం. 2011లో ఐ5-2500కె వచ్చింది, 3.3 చిప్పుని 4.5కి లాగడం పిల్లలాట. ఓవర్‌క్లాకింగ్‌కి ఉన్న పేరంతా ఆ రోజులది. ఇప్పుడు చిప్పుని దాని కొసదాకా లాగి, ఆ వేగాన్నే బూస్ట్ అని డబ్బా మీద అచ్చేసి అమ్ముతున్నారు. మనకి మిగిల్చేది నాలుగైదు శాతం.

ఆ నాలుగైదు శాతం కోసం ఎంత వేడి కొనుక్కుంటున్నావో లెక్క చూడు. ప్రాసెసర్ తినే పవర్ (వాట్లు) వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గంగా పెరుగుతుంది. ఉదాహరణకి 1.20 వోల్టుల మీద 4.4 నడిచే చిప్పుని 4.65కి తీసుకెళ్ళడానికి 1.35 వోల్టులు ఇచ్చావనుకో. వేగం పెరిగింది 6 శాతం లోపు. వోల్టేజీ 1.125 రెట్లు, దాని వర్గం 1.26 చిల్లర, దాన్ని వేగంతో గుణిస్తే వేడి సుమారు 34 శాతం పెరిగింది. నాగ్‌పూర్‌లో ఏసీ గదిలో కూర్చునేవాడికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మనకి ఇదే అసలు విషయం.

ఎందుకంటే యూట్యూబ్‌లో నువ్వు చూసే రివ్యూలన్నీ 21 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. కూలర్ చేసే పని ప్రాసెసర్ వేడిని గది గాలిలోకి తోసెయ్యడం ఒక్కటే, గది గాలి కంటే చల్లగా ఏ ఫ్యానూ ఏ రేడియేటరూ చెయ్యలేదు. రివ్యూలో 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 75 చూపిస్తే, గది మీద అది 53 డిగ్రీలు ఎక్కినట్టు. అదే చిప్పు, అదే కూలర్, అదే లోడు, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలున్న మన గదిలో పెడితే 93. నీ 5600కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు 90. అంటే వాడికి "బ్రహ్మాండంగా ఉంది" అనిపించిన సెట్టింగ్ మన దగ్గర బూస్ట్ తగ్గించుకుని, ఫ్యాన్ అరుస్తూ, స్టాక్ కంటే నెమ్మదిగా నడుస్తుంది. పైగా ఈ చిప్పులు హద్దు తగిలేదాకా ఆగవు, వేడి పెరిగేకొద్దీ ముందునుంచే కొంచెం కొంచెం బూస్ట్ కోసుకుంటూ వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు, చంద్రపూర్ జిల్లాలో ఆ రోజుల్లో 45, 46 మామూలే, 47 చూసిన ఏళ్ళూ ఉన్నాయి. రేకుల కప్పు కింద గదైతే సాయంత్రం ఏడుకి కూడా గోడ చెయ్యి పెట్టనివ్వదు.

అందుకే మన వైపు కొనుగోలు వరస వేరేగా ఉండాలి. ముందు కూలరు, తర్వాత కేసులో గాలి, ఆ తర్వాత కరెంటు సంగతి, వీటన్నిటి తర్వాతే బోర్డు.

కూలర్ దగ్గర మొదలుపెట్టు. రెయిత్ స్టెల్త్ అంటే ఒక చిన్న అల్యూమినియం దిమ్మె, మీద ఒక ఫ్యాను. లోపల రాగి కూడా లేదు, హీట్‌పైపులు లేవు. డీప్‌కూల్ ఏజీ400 లాంటి మామూలు సింగిల్ టవర్ వేస్తేనే తేడా నీకే తెలుస్తుంది, నీ బడ్జెట్‌లో అది పదో వంతు కూడా ఉండదు. వాటర్ కూలింగ్ వద్దు, 76 వాట్ల చిప్పుకి అది దండగ, పైగా పంపు చచ్చిపోతే రాజురాలో కూర్చుని వారంటీ కోసం కొరియర్ చుట్టూ తిరగాలి.

పాత కూలర్ విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఏఎం4 (నీ 5600 కూర్చునే సాకెట్ రకం) ప్రాసెసర్‌కి పిన్నులు చిప్పు అడుగునే ఉంటాయి, సాకెట్ లీవర్ వేసి ఉన్నా పైనుంచి గట్టిగా పట్టేదేమీ లేదు. పేస్టు ఎండిపోయి కూలర్‌కి అతుక్కుని ఉంటే, నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా దాంతోపాటే పీక్కుని వచ్చేస్తుంది, నాలుగు పిన్నులు వంగడం ఖాయం. విప్పేముందు ఓ పావుగంట ఏదైనా గేమ్ నడిపి చిప్పుని వేడెక్కించు, షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకి, స్క్రూలు వదులు చేశాక కూలర్‌ని కుడికి ఎడమకి మెల్లగా తిప్పు. పేస్టు పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తు. చిన్న పనే, కానీ సర్వీసుకి వచ్చే ఏఎం4 మెషిన్లలో వంగిన పిన్నులు ఎక్కువగా ఇలా వచ్చినవే.

కేసు సంగతికొస్తే, మన ఊళ్ళ దుమ్ము వేరు. సాస్తి ఓపెన్‌కాస్ట్ ఇటు, గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీలు అటు, థర్మల్ స్టేషన్ చంద్రపూర్ పక్కన. నల్లగా మెత్తగా ఉండే ఆ పొడి హీట్‌సింక్ రెక్కల మధ్య చేరి, కాస్త తేమ తగిలిందంటే పూత పట్టినట్టు అతుక్కుపోతుంది. ముందువైపు మెష్ ఉన్న కేసు, మెష్ వెనక తీసి కడుక్కునే ఫిల్టరు, లోపలికి తోసే ఫ్యాన్లు రెండు, బయటికి తోసేది ఒకటి. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము పీల్చుకోవడం తగ్గుతుంది. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో ఆపి పట్టుకో, వదిలేస్తే పిచ్చిగా తిరిగి బేరింగు పోతుంది.

ఎడారి కూలర్ ఉన్న ఇల్లే కదా నీది కూడా. ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు గదిని నిజంగానే పది డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే దించుతుంది, ఓవర్‌క్లాకింగ్‌కి మనకున్న నిజమైన ఆయుధం అదే. కానీ దాని మూతి నేరుగా కేబినెట్ వైపు పెట్టొద్దు. గడ్డి పాతదైతే నీటి తుంపర కూడా గాలితో వస్తుంది, దుమ్ము పట్టిన బోర్డు మీద తుంపర పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పక్కనుంచి గాలి ఆడేలా పెట్టు, కిటికీ కాస్త తెరిచి ఉంచు. వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి కూలరు పని చెయ్యదు. జూన్ చివర్లో, జూలైలో పగలు 33 డిగ్రీలే ఉన్నా మెషిన్ మే కంటే వేడిగా నడిచినట్టు కనిపిస్తే కంగారు పడకు.

ఇప్పుడు బోర్డుల దగ్గరికి వద్దాం. ఎక్కువ డబ్బులు పెడితే నిజంగా ఏమొస్తుంది?

ప్రధానంగా వచ్చేది వీఆర్‌ఎం. ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులని ప్రాసెసర్‌కి కావాల్సిన 1.1, 1.3 వోల్టులకి దించే సర్క్యూట్ అది. నీ బోర్డులో సాకెట్‌కి ఎడమ పక్క చూడు, బూడిదరంగు చదరపు డబ్బాల్లాంటివి వరసగా ఉంటాయి, అవి కాయిల్స్. వాటి పక్కనే నల్లగా పల్చగా ఉండేవి మాస్‌ఫెట్లు. నీ బోర్డులో అవి నగ్నంగా ఉన్నాయి, ఖరీదైన బోర్డులో వాటి మీద పెద్ద అల్యూమినియం దిమ్మె కూర్చుంటుంది. స్టాక్‌లో నీ చిప్పు సాకెట్ పవర్ 76 వాట్లు, ఎంతసేపైనా లాగగలిగే కరెంటు 60 ఆంపియర్లు. నాలుగు ఫేజులు (కరెంటు పంచుకునే కాయిల్, మాస్‌ఫెట్ జతలు, స్టేజీలు అన్నా దాదాపు అవే) ఉంటే ఒక్కోదాని మీద 15 ఆంపియర్లు పడతాయి, 60 ఆంపియర్ల స్టేజీలు పదున్న బోర్డులో ఒక్కోదాని మీద 6. మాస్‌ఫెట్ లోపల పోయే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి పది ఫేజుల బోర్డు చల్లగా ఉంటుంది. కానీ 60 ఆంపియర్లకి నాలుగు ఫేజులు కూడా చచ్చిపోవు. అదే 5900ఎక్స్, 5950ఎక్స్ పెట్టి పవర్ లిమిట్ 142 వాట్లు దాటిస్తే అప్పుడు చవక బి450 నిజంగా కాలుతుంది, వేగం తగ్గించేస్తుంది. నీది ఆరు కోర్ల చిప్పు. ఆ సమస్య నీది కాదు.

డబ్బా మీద 12+2, 14+2 అని రాసే అంకెలకి పడిపోకు. మొదటి అంకె కోర్ల కోసం, రెండోది ఎస్ఓసీ (చిప్పులోని మెమరీ కంట్రోలర్ లాంటి మిగతా భాగాలు) కోసం. ఆ 12 కొన్నిసార్లు నిజమైన 12 ఫేజులు కాదు, ఆరు సిగ్నల్స్‌నే డబ్లర్ పెట్టి గానీ, రెండేసి జతకట్టి గానీ 12 చేస్తారు. జతకట్టడం చెడ్డ పద్ధతేమీ కాదు, వేడి పంచుకుంటాయి. అడగాల్సింది "ఎన్ని" అని కాదు, "ఒక్కో స్టేజీ ఎన్ని ఆంపియర్లది, హీట్‌సింక్ ఎంత బరువుంది" అని. ఎంఎస్ఐ బి550 టోమహాక్‌లో 60 ఆంపియర్ల స్టేజీలు పది ఉంటాయి, ఎక్స్570 అని రాసున్న కొన్ని అడుగు రకం బోర్డుల కంటే దాని వీఆర్‌ఎం ఎంతో నయం. ఎక్స్570 అనే అక్షరాలు పీసీఐఈ 4.0 లేన్లు (గ్రాఫిక్స్ కార్డు లాంటివాటికి డేటా వెళ్ళే దారులు) ఎక్కువున్నాయని చెబుతాయి, ఓవర్‌క్లాకింగ్ బాగుంటుందని చెప్పవు. పైగా ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి చిప్‌సెట్ మీద బుల్లి ఫ్యాను ఉంటుంది, మన బొగ్గు దుమ్ములో ముందు చచ్చేది అదే. ఆ తరం బోర్డే కావాలంటే ఫ్యాను లేని ఎక్స్570ఎస్ మోడళ్ళు 2021లో వచ్చాయి, అవి చూడాలి.

పీసీఐఈ 4.0 లేకపోతే గ్రాఫిక్స్ కార్డు దెబ్బతింటుందా అని కూడా అడిగావు. ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్లే వాడుతుంది, బి450లో అవి 3.0 వేగంతో నడుస్తాయి. 8 జీబీ మెమరీ నిండనంత వరకు గేముల్లో తేడా చాలా తక్కువ. దానికోసం బోర్డు మార్చక్కర్లేదు.

అసలైన ఎంథూజియాస్ట్ బోర్డులు, అంటే అపెక్స్, టాకియాన్, యూనిఫై-ఎక్స్ లాంటివి, వేరే లోకం. రెండే ర్యామ్ స్లాట్లు, ఎందుకంటే స్లాట్లు తగ్గితే సిగ్నల్ దారి పొట్టిగా శుభ్రంగా ఉండి ర్యామ్ ఎక్కువ వేగం పడుతుంది. వోల్టేజీ మీటర్ పెట్టి కొలుచుకునే పాయింట్లు, బోర్డు మీదే పవర్ బటన్, రీట్రై బటన్. 2023 అక్టోబరులో ఐ9-14900కెఎఫ్‌ని ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించింది ఆ రకం బోర్డు మీదే. అది రికార్డులు కొట్టేవాళ్ళ పనిముట్టు. నీ 5600ని అందులో పెట్టడం కాలవలో ఈదడానికి ఓడ కొన్నట్టు ఉంటుంది.

అయితే ఖరీదైన బోర్డుల్లో ఒక సౌకర్యం మాత్రం మన ఊళ్ళలో బంగారం. అది బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. బయాస్ ఎక్కిస్తుండగా కరెంటు పోతే మామూలు బోర్డు రాయి అయిపోతుంది, ఆ చిప్పు పీకి ప్రోగ్రామర్‌లో రాయించాలి. ఫ్లాష్‌బ్యాక్ ఉంటే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఫైలు కంపెనీ చెప్పిన పేరుతో పెట్టి, వెనక గీత గీసి ఉన్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి, బటన్ నొక్కితే చాలు, ప్రాసెసర్ లేకపోయినా ఎక్కేస్తుంది. గాలివాన వచ్చిందంటే లైను ఎప్పుడు పోతుందో చెప్పలేని చోట ఉండేవాళ్ళం, నేనైతే వీఆర్‌ఎం కంటే ముందు ఈ బటన్ ఉందా లేదా చూస్తాను. తర్వాత చూసేది డీబగ్ లైట్లు: సీపీయూ, ర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి ఎల్‌ఈడీలు. ర్యామ్ టైమింగ్స్ (ర్యామ్ ఎంత త్వరగా స్పందించాలో పెట్టే అంకెలు)తో ఆడుతుంటే మెషిన్ ఎక్కడ ఆగిందో చెప్పేవి అవే.

నీ బోర్డులో ఆ బటన్ లేదు కాబట్టి బయాస్ అప్‌డేట్ యూపీఎస్ మీదే చెయ్యి. 600 వీఏ యూపీఎస్ అంటే సుమారు 360 వాట్లు, నీ మెషిన్ బయాస్‌లో కూర్చుంటే అందులో మూడో వంతు కూడా తినదు. గేము ఆడేటప్పుడు కూడా 5600, 6600 కలిపి 250 వాట్ల అటూఇటూ ఉంటుంది, నీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ మంచి కంపెనీదైతే దాన్ని కదిలించకు.

ఎర్తింగ్ చూశావా? మన పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడో రంధ్రానికి వెనక తీగే ఉండదు. ఎర్త్ లేకపోతే ఎస్ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల కేసు మీద సరఫరా వోల్టేజీలో సగం, 110 పైచిలుకు వోల్టులు తేలుతూ ఉంటాయి, కేసు ముట్టుకుంటే జివ్వుమనేది అందుకే. మల్టీమీటర్‌తో ఫేజుకి ఎర్త్‌కి మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి తీయించి, ప్లేటు దించి, ఉప్పు బొగ్గు వేయించు, ఎండాకాలం ఆ గోతిలో నీళ్ళు పోస్తూ ఉండాలి. ఇరవై వేల బోర్డు కంటే ఈ గొయ్యి ముఖ్యం. వ్యంగ్యంగా అనడం లేదు, నిజంగానే చెబుతున్నా.

సరే, ఇప్పుడు ఉన్న బోర్డు మీద ఏం చెయ్యాలి. అన్ని కోర్లకీ ఒకే వేగం ఫిక్స్ చేసే పాత పద్ధతి వదిలెయ్. అలా చేస్తే ఒక్క కోరు మీద వచ్చే బూస్ట్ పోతుంది, ఖాళీగా ఉన్నప్పుడు కూడా వోల్టేజీ దిగదు. దాని బదులు కర్వ్ ఆప్టిమైజర్ తీసుకో. ప్రతి కోరుకీ ఒక్కో వేగం దగ్గర ఎంత వోల్టేజీ ఇవ్వాలో ఫ్యాక్టరీ ఒక పట్టిక రాసి పెడుతుంది, జాగ్రత్త కోసం కొంచెం ఎక్కువే రాస్తుంది. నెగటివ్ అంకె పెడితే ఆ పట్టిక మొత్తం కిందికి దిగుతుంది, అదే వేగానికి తక్కువ వోల్టేజీ, తక్కువ వేడి, దాంతో మిగిలిన జాగాలో చిప్పు తనే ఇంకాస్త బూస్ట్ అవుతుంది. వోల్టేజీ తగ్గించి వేగం పెంచుకోవడం అన్నమాట, 45 డిగ్రీల ఊరికి ఇంతకంటే సరైన ఓవర్‌క్లాక్ లేదు.

మొదట అన్ని కోర్లకీ మైనస్ 10. బాగుంటే 15, ఆ తర్వాత 20. మైనస్ 30 హద్దు, అక్కడిదాకా వెళ్ళాలనేమీ లేదు. రైజెన్ మాస్టర్ అనే ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో నక్షత్రం గుర్తు ఉన్న కోర్లు మంచివి, విచిత్రమేంటంటే వాటినే తక్కువ దించాలి, ఎందుకంటే వాటి పట్టికలో ఫ్యాక్టరీ అప్పటికే గట్టిగా కోసి ఉంటుంది, పైగా ఎక్కువ వేగం వెళ్ళేది అవే. పవర్ లిమిట్ నీ బోర్డు మీద 76 నుంచి 88, 90 దాకా పెంచుకో, అంతకు మించి ఎక్కించకు, హీట్‌సింక్ లేని మాస్‌ఫెట్లు ఉన్నాయని మర్చిపోవద్దు. మ్యాక్స్ బూస్ట్ ఓవర్‌రైడ్ 200 వరకు ఉంటుంది, వేసవిలో అది సున్నా దగ్గరే ఉంచినా నీకేం తెలియదు.

టెస్టింగ్‌లో చాలామంది ఒక పప్పులో కాలేస్తారు. సినీబెంచ్ అరగంట నడిపి క్రాష్ కాలేదు, ఇక అయిపోయింది అనుకుంటారు. కర్వ్ ఆప్టిమైజర్ ఫుల్ లోడులో చెడదు, తేలిక లోడులో చెడుతుంది. క్రోమ్ తెరిచి పాట వింటున్నప్పుడు ఒక్క కోరు ఒక్కసారిగా పై బూస్ట్‌కి ఎగురుతుంది, అక్కడ వోల్టేజీ చాలకపోతే మెషిన్ చప్పుడు లేకుండా రీస్టార్ట్ అవుతుంది. అందుకే కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్టు వాడు, అది ఒక్కో కోరునీ విడిగా పట్టుకుని ప్రైమ్95 లోడు ఇస్తుంది. రాత్రంతా వదిలెయ్. పొద్దున ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అనే పేరుతో ఐడీ 18 గానీ 19 గానీ ఎర్రగా, పసుపుగా కనిపిస్తే ఏదో కోరుకి వోల్టేజీ సరిపోలేదని అర్థం, దాన్ని ఐదు వెనక్కి తే.

ఇంకో మెలిక మన వాతావరణానిది. డిసెంబరు తెల్లవారుజామున మన దగ్గర 10, 12 డిగ్రీలకి పడుతుంది, చిప్పు చల్లగా ఉంటే ఇంకా పైకి బూస్ట్ అవుతుంది, అంటే మేలో నిలకడగా ఉన్న నెగటివ్ కర్వ్ డిసెంబరులో తేలిక లోడు మీద పడిపోవచ్చు. ర్యామ్ సంగతి దీనికి తలకిందులు, అది వేడికి చెడుతుంది. చలికాలంలో టైమింగ్స్ బిగించి టెస్ట్ పాసై, ఏప్రిల్‌లో ర్యామ్ 50 డిగ్రీలు దాటగానే లెక్క తప్పడం మొదలుపెడుతుంది, కనిపించకుండా ఫైళ్ళు పాడవుతాయి. ప్రాసెసర్ కర్వ్‌ని చలిలో, ర్యామ్‌ని ఎండలో పరీక్షించాలి. ఈ మాట 22 డిగ్రీల గదుల్లో రాసిన గైడుల్లో నీకు దొరకదు.

ర్యామ్ గురించి అంటే, నీ 3200 స్టిక్కులని 3600 మీద నడపగలిగితే, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (చిప్పు లోపలి భాగాలని కలిపే దారి) 1800 మీద ఒకటికి ఒకటి లెక్కన నడుస్తుంది, ఈ తరం రైజెన్‌కి అది చక్కటి జాగా. స్టిక్కుల అదృష్టం బట్టి వస్తే వస్తుంది. వోల్టేజీ 1.35 నుంచి 1.4 లోపే ఉంచు. టెస్ట్‌మెమ్5 నడిపి ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి రా, ర్యామ్‌లో ఒక్క ఎర్రర్ అంటే మిగతావి ఇంకా బయటపడలేదని అర్థం.

ఇదంతా చేశాక గేములో ఫ్రేములు పెరుగుతాయా? హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వాడకం చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి గేము ఆడుతూ జీపీయూ వాడకం చూడు. 97, 99 శాతం చూపిస్తే ప్రాసెసర్‌ని ఎంత తోమినా ఒక్క ఫ్రేము పెరగదు, 1080పీలో హై సెట్టింగుల మీద ఆర్‌ఎక్స్ 6600 చాలా గేముల్లో అక్కడే ఉంటుంది. అప్పుడు నీ 25,000లో కూలరు, ఫ్యాన్లు, ఎర్తింగ్ పోగా మిగిలినవి కదపకుండా దాచి తర్వాత గ్రాఫిక్స్ కార్డుకి కలుపు. జీపీయూ 60, 70 దగ్గరే ఊగుతూ ఫ్రేములు పడిపోతున్నాయంటే ప్రాసెసర్ అడ్డు, అప్పుడు 5700ఎక్స్3డీ న్యాయమైన ధరకి దొరికితే అదే ఎక్కించు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ గేముల్లో ఇచ్చే లాభం ఏ ఓవర్‌క్లాకూ ఇవ్వదు. దాని మల్టిప్లయర్ తాళం వేసి ఉంటుంది, ఎంథూజియాస్ట్ బోర్డు ఉన్నా పెద్దగా చేసేదేమీ లేదు.

ఇంత చెప్పినా "అన్నా, నాకు ఫ్రేములు కాదు, ఆ ఆటే కావాలి" అంటావా, అది వేరే సంగతి. పావురాలు పెంచేవాడిని లాభమెంత అని అడగం కదా. అలాగైతే ఏఎం4లో కొత్త ఎక్స్570 కొనకు, ఫ్లాష్‌బ్యాక్, డీబగ్ లైట్లు, మంచి హీట్‌సింక్ ఉన్న బి550 చూడు, లేదా ఇంకొన్నాళ్ళు ఆగి ఏఎం5 (తర్వాతి తరం సాకెట్)లో బి650తో మొదలుపెట్టు. ఆ సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. ఒక్కటి గుర్తుంచుకో, ఏఎం5లో ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటనివ్వకు, 2023లో కొన్ని 7000 సిరీస్ ఎక్స్3డీ చిప్పులు సాకెట్‌లోనే కాలిపోయాక బయాసుల్లో ఆ హద్దు పెట్టారు. ఇంటెల్ 13, 14 తరాల పాత చిప్పు చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే 2024 ఆగస్టు ముందు ఎలాంటి బయాస్ మీద నడిచిందో అడుగు. వోల్టేజీ ఎక్కువై మెల్లగా అరిగిపోయే జబ్బుకి అప్పుడే మైక్రోకోడ్ మందు వచ్చింది, ముందే అరిగిన చిప్పుని అది బాగుచెయ్యదు.

కొనే చోటు గురించి. మనకి నాగ్‌పూర్ ఒకటి, కాజీపేట లైను పట్టుకుంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇంకొకటి. ధర కంటే బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం ముఖ్యం, వారంటీ అడిగేది దాన్నే. సెకండ్ హ్యాండ్ బోర్డు అయితే, ఇంటెల్‌ది గానీ ఏఎం5 గానీ, సాకెట్ మూత తీసి ఫోను టార్చి అడ్డంగా పట్టుకుని చూడు. పిన్నుల వరస మీద వెలుగు ఒకేలా మెరవాలి, ఎక్కడైనా ఒక చుక్క వేరేవైపు మెరిసిందంటే అక్కడ పిన్ను వంగింది, బేరం కూడా చెయ్యకుండా వచ్చెయ్. సాకెట్ ప్లాస్టిక్ మూత లేకుండా అమ్ముతున్నా అదే మాట. ఓవర్‌క్లాక్ చేసినందువల్ల పోయిన ప్రాసెసర్‌కి కంపెనీ వారంటీ వర్తించదని కూడా తెలిసుండాలి, పీబీఓ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఎప్పుడైనా బోర్డు మార్చే పరిస్థితి వస్తే ముందు రోజే రెండు పనులు చేసుకో. విండోస్ డిజిటల్ లైసెన్స్ బోర్డుకి ముడిపడి ఉంటుంది, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీలో అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింకు అయిందో లేదో చూసుకో, రిటైల్ లైసెన్స్ అయితేనే కొత్త బోర్డుకి మారుతుంది. డ్రైవు ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. టీపీఎం (ఎన్‌క్రిప్షన్ తాళం చెవి దాచే భద్రతా భాగం) మారగానే స్క్రీన్ మీద 48 అంకెలు అడుగుతుంది, అవి లేకపోతే ఫొటోలు, ప్రాజెక్టులు అన్నీ తాళం పడిపోయినట్టే. నీ బి450లో బయాస్ అప్‌డేట్ చేసినా ఫర్మ్‌వేర్ టీపీఎం రీసెట్ అయి ఇదే అడగొచ్చు, కాబట్టి ఆ కీ రాసుకోవడం ఈ రాత్రి పనుల్లో మొదటిది.

కూలర్ వేశాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో స్క్రీన్‌షాట్ పెట్టు. అందులో సీపీయూ టీడై (ప్రాసెసర్ వేడి), వీఆర్‌ఎం మాస్ (నీ బోర్డులో ఆ సెన్సర్ ఉంటే), సీపీయూ పీపీటీ (సాకెట్ పవర్) మూడూ కనపడాలి. గోడ మీద థర్మామీటర్ ఎంత చూపిస్తోందో, ఎడారి కూలరు నడుస్తోందా లేదా కూడా రాయి. అవి లేకుండా 82 డిగ్రీలు ఎక్కువా తక్కువా అని అడిగితే నేనేం చెప్పలేను.